డప్పు మోగని దిబ్బ

12 ఫిబ్రవరి 1968, సోమవారం

డాక్టరమ్మ చెప్పింది కనక రాస్తున్నాను. "కొత్త చోటికి వెళ్లు. రోజూ చూసినవి కాస్త రాసుకో. ఆలోచించినవి కాదు, చూసినవి" అంది. కాబట్టి ఇందులో చూసినవే ఉంటాయి.

విజయనగరం స్టేషన్లో ఆయన కూజా నిండా నీళ్లు పట్టి ఇచ్చారు. రైలు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడ్డారు. చీపురుపల్లి దాటేవరకు ఎదురుగా ఒక పెద్దమనిషి ఏజెన్సీ గొడవల గురించి చెబుతూనే ఉన్నాడు. నౌపడాలో దిగాను. అక్కడి నుంచి ఉప్పుమళ్ల గట్ల మీద ఎడ్లబండి, ఆ తర్వాత పడవ. ఉప్పుటేరుకి అవతల, సముద్రానికి ఇవతల, ఇసుక మేట మీద ముప్పై ఇళ్లు. చుట్టూ నీళ్లే. పేరు గూళ్లదిబ్బ. మా తమ్ముడు జగన్నాధం ఇక్కడి బడికి మేస్టరు. ఇంకా పెళ్లి కాలేదు, వంట రాదు. వాడికి వండిపెట్టడానికి వచ్చాను. ఎవరైనా అడిగితే ఇదే జవాబు.

ఎవరూ అడగలేదు.

13 ఫిబ్రవరి

తెల్లారి లేచి చూస్తే చింతచెట్లు తెల్లగా ఉన్నాయి. కళ్లు నులుముకుని చూస్తే పక్షులు. గూడబాతులు. ముక్కు కింద సంచి వేలాడేసుకుని ఒక్కొక్కటీ మా అత్తగారంత గంభీరంగా కూర్చుని ఉన్నాయి. ఏ కొమ్మ చూసినా గూళ్లే, గూళ్లలో పిల్లలే. చెట్ల కింద నేలంతా రెట్ట, కుళ్లిన చేపల కంపు. ముక్కు మూసుకున్నాను. ఇక్కడి వాళ్లెవరూ మూసుకోరు.

మనుషులు గుసగుసగా మాట్లాడుకుంటారు. బిందె కూడా చప్పుడు కాకుండా దింపుతారు. జగన్నాధం బడి గంట కొట్టడు. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపితే పిల్లలు వస్తారు. ఎందుకని అడిగితే చెప్పాడు. ఈ పక్షులు కార్తీకంలో వచ్చి, పిల్లల్ని పెంచుకుని, చైత్రానికి అటూ ఇటూగా వెళ్లిపోతాయట. అన్నాళ్లూ దిబ్బ మీద డప్పు మోగదు, మతాబులు కాల్చరు, పెళ్లి చెయ్యరు.

"పురిటికి వచ్చిన ఆడపిల్లలని వీళ్ల లెక్కక్కా. పుట్టింట్లో పడుకున్న పసిది ఉలిక్కిపడకూడదని..." అని నా మొహం చూసి ఆగిపోయాడు.

చారు పొంగుతోందని లేచి వెళ్లాను.

ఈ చోటు నాకు నచ్చింది. మా ఇంట్లో తెల్లారకముందే వయొలిన్లు మొదలవుతాయి. ఆయన శిష్యులు ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉంటారు. జనవరిలో కూడా పది రోజులే ఆగాయి. పదకొండో రోజున, వేరే ఇళ్లల్లో అయితే బారసాల చేసే రోజున, ఎవడో కుర్రాడు సరళీ స్వరాలు తప్పుగా వాయిస్తున్నాడు. ఇది చూసినది కాదు, విన్నది. విన్నవి రాయొచ్చో లేదో డాక్టరమ్మ చెప్పలేదు.

16 ఫిబ్రవరి

పక్కింటి తాయారు వచ్చింది. పదిహేడేళ్లుంటాయి. గుసగుసగా మాట్లాడుతూ కూడా గలగలా మాట్లాడగల పిల్ల. అక్కని ఇక్కడ అప్ప అంటారు. కొంగులోంచి చింతకాయలు తీసి నా చేతిలో పెట్టింది.

"తినప్పా. పులుపు మీద మనసు పోతాది కదా. నాలుగో నెలా? ఇంకా కనబడ్నేదులే."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పక్షులున్న రోజుల్లో ఒంటరిగా పడవ దిగి పుట్టింటి వాళ్ల గుమ్మం ఎక్కిన ఆడది ఎందుకొచ్చిందో ఇక్కడ ఎవరూ అడగరట. అడగడం తప్పట. వాళ్లంతట వాళ్లే అనేసుకున్నారు. తమ్ముడి ఇల్లే నాకు పుట్టిల్లని కూడా వాళ్లే తేల్చేశారు. అది నిజమే, మా అమ్మ పోయి నాలుగేళ్లయింది.

ఒక్క ముక్క చెబితే సరిపోయేది. జనవరిలో పుట్టింది, నాలుగో రోజున పోయింది, అని. చింతకాయలు తెచ్చి పెట్టిన పిల్ల ముందు నోరు రాలేదు. కాయలు చాలా పుల్లగా ఉన్నాయి. ఉప్పు అద్దుకుని అన్నీ తిన్నాను.

రేపు చెబుతాను.

19 ఫిబ్రవరి

చూసినవి: దిబ్బకి తూర్పున, సముద్రానికి ఇరవై బారల దూరంలో, ఇసుక గుట్ట వెనక తాయారు చేత్తో గొయ్యి తవ్వింది. మోచెయ్యి లోతుకి నీళ్లు ఊరాయి. కొబ్బరి చిప్పతో తోడి ఇచ్చింది. ఇటు సముద్రం, అటు ఉప్పుటేరు, మధ్యలో ఈ నీళ్లు పంచదార వేసినట్టున్నాయి. ఆడవాళ్లంతా ఇక్కడి చెలమల్లోనే నీళ్లు తోడుకుంటారు.

"ఈ సోటు బయటోల్లకి సూపించం. తాసిల్దారొచ్చినా బావినీల్లే ఇస్తాం" అంది.

"మరి నేనో?"

"నువ్వు బయటదానివేటి?"

జీడితోట చూశాను. ముళ్లతో దారి లేకుండా అల్లుకుపోయిన మొగలిపొదలు చూశాను. లోపల పొత్తి విచ్చితే గాలి మారిన వైపల్లా వాసన వస్తుంది. చేపల కంపూ ఆ వాసనా కలిసి వచ్చే ఒక మూల ఉంది, అక్కడ కూర్చుంటే తలనొప్పి వస్తుంది. అయినా కూర్చున్నాను.

22 ఫిబ్రవరి

చెప్పడానికి అవకాశం రాలేదు.

26 ఫిబ్రవరి, శివరాత్రి

పొద్దున్నే వల లాగుతుంటే చూశాను. వలలో ఒక పెద్ద తాబేలు. మగవాళ్లు వల కోసేశారు. కొత్త వల, అయినా కోసేశారు. పడవ నడిపే పోతురాజు దాని వీపు కడిగి, పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, "కూర్మనాదుడా, ఎల్లిరా తండ్రీ" అని నీళ్ల వైపు తిప్పాడు.

పక్కనే మరో తాబేలు రాత్రి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిన జాడ ఉంది. ఇసుక మీద రెండు వైపులా గీతలు. వచ్చిన జాడ, వెళ్లిన జాడ. ఒక్కసారి వెళ్తే అది మళ్లీ వెనక్కి చూడదని తాయారు చెప్పింది. ఆస్పత్రి మెట్లు దిగుతున్నప్పుడు నేనూ చూడలేదు.

ఇది చూసినది కాదు. కొట్టెయ్యాలి.

3 మార్చి

గాలివాన. పెద్ద చింతచెట్టు కొమ్మ విరిగి మూడు గూళ్లు పడ్డాయి. పిల్లలు కొన్ని బతికాయి, వాటిని గంపల్లో పెట్టి చిన్న చేపలు తినిపిస్తున్నారు. ఆకలేసినప్పుడు అవి అరిచే అరుపు మేకపిల్ల అరుపులా ఉంటుంది. ఆ అరుపు వినగానే నా రవికె తడిసిపోయింది. ఇన్ని వారాలైంది. కొంగు గట్టిగా కప్పుకుని ఇంటికి వచ్చేశాను. మళ్లీ సాయంత్రం వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు.

పిల్లలన్నీ చచ్చిపోయిన ఒక పక్షి విరిగిన కొమ్మ మొదట్లో కూర్చుని ఉంది. దిబ్బకి పెద్దదిక్కు గున్నమ్మ గూళ్లున్న చెట్లకి పసుపు చల్లుతూ వచ్చి, ఆ చెట్టు మొదట్లో కూడా చల్లింది.

"గూడు పడిపోయినదానికీనా మామ్మా?" అంది తాయారు.

"అదీ పుట్టింటికే ఒచ్చినాది కదేటే" అంది గున్నమ్మ, చేతులు దులుపుకుంటూ.

8 మార్చి

గున్నమ్మ తెలగపిండి తెచ్చి ఇచ్చింది. మేం చేపలు తినమని ఎవరో చెప్పారట. "ఇది మీ ఇళ్లల్లో తింతారు కదమ్మా. ఇప్పట్నించీ అలవాటు సేసుకుంటే పాలు బాగా పడతాయి."

వెల్లుల్లి వేసి వండాను. జగన్నాధం ఇష్టంగా తిన్నాడు. ఎక్కడిదని అడిగితే పక్కవాళ్లు ఇచ్చారన్నాను. అబద్ధం కాదు.

తాయారుకి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు వాళ్ల బావ అప్పలసూరి. మనిషి నల్లగా, పొడుగ్గా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంటాడు. ఏప్రిల్ ఆఖర్లో విశాఖపట్నంలో ఓడెక్కి అండమాన్ వెళ్తాడట. అక్కడ కలప పని. వెళ్తే రెండేళ్లదాకా రాడు. పెళ్లి చేసుకుని పిల్లని కూడా తీసుకెళ్లాలని అతని పట్టు.

"అయితే పక్షులు వెళ్లగానేనా పెళ్లి?" అన్నాను.

"సూద్దారి" అంది తాయారు. ఆ పిల్ల ఇంత తక్కువ మాట్లాడడం నేను చూడలేదు.

17 మార్చి

గూడబాతులు వెళ్లిపోతున్నాయి. ఎత్తుకి లేచి, చుట్టూ తిరిగి, ఉత్తరం వైపు. ఆడవాళ్లు తలుపుల్లో నిలబడి చూస్తారు. చెయ్యి ఊపరు, పిలవరు.

ఆయనకి ఒక కార్డు రాశాను. తమ్ముడికి ఆరోగ్యం బాగుంది, వంట బాగా కుదురుతోంది, అని.

24 మార్చి

చెట్లు ఖాళీ. వారం క్రితం కళ్లు చెదిరేంత తెల్లగా ఉన్నవి ఇప్పుడు మామూలు చింతచెట్లు.

అయినా డప్పు మోగలేదు. పక్షులు వెళ్లగానే చేస్తారన్న గంగమ్మ సంబరం ఊసు లేదు. ఇంకా గుసగుసలే. జగన్నాధం ఇప్పటికీ చెయ్యి ఊపే పిల్లల్ని పిలుస్తున్నాడు. ఎందుకని అడిగితే తెలియదన్నాడు. కనుక్కోమన్నాను.

25 మార్చి

కనుక్కున్నాడు. చాలాసేపు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఉన్నాడు.

"వాళ్లు నీ కోసం ఆగారక్కా."

పక్షులతో పాటే పుట్టిళ్లకి వచ్చిన ఆడపిల్లలు పిల్లల్ని ఎత్తుకుని పక్షులతో పాటే వెళ్లిపోతారట. ఆఖరి ఆడపిల్ల ఏరు దాటాకే డప్పు ముట్టుకుంటారు. మధ్యలో ఎవరూ రారు. ఈ ఏడు మధ్యలో వచ్చినదాన్ని నేను. నాకు పురుడొచ్చి, నేను పిల్లతో ఏరు దాటేదాకా సంబరం లేదు. సంబరం లేనిదే పెళ్లి లేదు. వాళ్ల లెక్క ప్రకారం అది శ్రావణం. అప్పటికి అప్పలసూరి ఓడ వెళ్లిపోయి మూడు నెలలవుతుంది.

"నువ్వేం చెప్పావక్కా వాళ్లకి?"

"ఏమీ చెప్పలేదు."

"అదే కదా" అన్నాడు. వాడు నా మీద కోప్పడడం ఇదే మొదటిసారి. కోప్పడి, వెంటనే ఏడ్చాడు.

రేపు చెబుతాను.

27 మార్చి

తేలికైన దారి ఒకటి తట్టింది. రేవుకి వెళ్లి పోతురాజుని పడవ తియ్యమన్నాను. ఇంటికి వెళ్లిపోతే అందరికీ మంచిది కదా.

"కడుపుతో ఒచ్చిన తల్లిని ఒట్టి సేతుల్తో దాటించమంటావేటమ్మా? గంగమ్మ ఊరుకోదు. నాను పడవ తియ్యను. కోపమొస్తే తిట్టు, పడతాను" అన్నాడు. తెడ్డు తీసుకుని ఇంటికి కూడా పోయాడు.

ఇంకో దారి కూడా ఉంది. ఇక్కడే, ఇప్పుడే పోయిందని చెప్పవచ్చు. ఎవరూ అనుమానించరు. జాలిపడతారు, డప్పు మోగుతుంది. పడుకుని చాలాసేపు ఆ మాటలు పేర్చుకున్నాను. కుదరలేదు. ఒకే బిడ్డని రెండుసార్లు పోగొట్టుకోలేను.

బిడ్డ అని రాశాను. కొట్టెయ్యను.

29 మార్చి, ఉగాది

పచ్చడి చేశాను. చెప్పలేదు.

31 మార్చి

నీళ్లకి వెళ్తుంటే పడవల చాటున తాయారూ అప్పలసూరీ పోట్లాడుకుంటున్నారు. పోట్లాట కూడా గుసగుసగానే. నన్ను చూడలేదు.

"రెండేల్లు ఆగుతావేటే? మీ అమ్మ ఆగనిస్తాదేటి?"

"ఆగుతాను. నువ్వేటి, ఆ అమ్మ కోసం ఈ కాస్తా ఆగలేవేటి? ఆయమ్మకి తల్లి కూడా నేదు. మనూరు నమ్ముకుని ఒచ్చినాది."

"ఓడ ఆగదు కదే."

తాయారు ఏడ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం వీళ్లకి బాగా అలవాటు.

సిగ్గేసింది. ఈ డైరీలో ఇన్నాళ్లూ చెట్లూ నీళ్లూ తాబేళ్లూ రాస్తూ కూర్చున్నాను. చెప్పడానికి అవకాశం రాలేదని రాశాను. రోజుకి రెండుసార్లు చెలమ దగ్గర అవకాశం నా పక్కనే కూర్చుని బిందె నింపుకుంది. ఈ నిశ్శబ్దం నాకు కావాలి కనక నోరు మూసుకున్నాను. ఇక్కడ ఉన్నన్నాళ్లూ నేను ఇంకా కననిదాన్ని. అది బాగుంది నాకు. చాలా బాగుంది. ఆ పిల్ల పెళ్లి పాడైనా బాగుందనిపించేంత.

1 ఏప్రిల్

చెప్పాను.

పొద్దున చెలమల దగ్గర. గున్నమ్మ, తాయారు, వాళ్లమ్మ దేముడమ్మ, ఇంకో నలుగురు. ఇసుకలో కూర్చుని చెప్పాను. నేను కడుపుతో లేను. జనవరిలో ఆడపిల్ల పుట్టింది. నాలుగో రోజున పోయింది. మీరు అనుకున్నది తెలిసి కూడా ఊరుకున్నాను.

 ముందు దేముడమ్మ లేచింది.

"నా గుంట పెల్లి ఆపీసినావు కదమ్మా! నెల్నాల్లు మా ఇంట్లో నవ్వు నేదు. నోరు నేదేటి నీకు? సదువుకున్నదానివి కాదేటి?"

దిబ్బ మీద అంత గట్టిగా మాట్లాడిన గొంతు నేను వినడం అదే మొదలు. ఆవిడ గొంతుకి ఆవిడే భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నిజానికి హాయిగా ఉంది. జనవరి నుంచి నాతో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

తాయారు నా వైపు చూడలేదు. నిండిన బిందె వదిలేసి వెళ్లిపోయింది.

గున్నమ్మ ఇసుక గీస్తూ కూర్చుంది. "కడుపు నేకపోతే ఈయమ్మ ఆడపిల్ల లెక్కలోకి రాదు కదా, ఇయ్యాలే డప్పు ఎత్తీసుకుందారి" అని ఒకావిడ అంది.

"ఎందుకు రాదు?" అంది గున్నమ్మ. "గూడు పడిపోయినదానికి పసుపు జల్లినానా నేదా? పుట్టింటికి ఒచ్చినాది. మనం ఉంచుకున్నాం. సాగనంపాల. ఒడి నింపి, పడవెక్కించి, పేరు కేకెయ్యాల. అప్పుడు డప్పు."

ఇక్కడ ఆఖరి ఆడపిల్ల ఏరు దాటేటప్పుడు పడవవాడు నడి ఏట్లో నిలబడి తల్లి పేరూ పిల్ల పేరూ అవతలి ఒడ్డుకి వినబడేలా అరుస్తాడట. పక్షులొచ్చాక దిబ్బ మీద మొదటి కేక అదే.

"పిల్ల పేరేటి?" అని గున్నమ్మ నన్ను అడిగింది.

"పెట్టలేదు. బారసాల దాకా లేదు."

"ఎల్లుండి పడవ. ఈలోగా పెట్టు."

2 ఏప్రిల్

సాయంత్రం తాయారు వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. "నాకు ముందే సెప్పుంటే నానే ఎలాగోలా సెప్పీదాన్ని కదప్పా" అంది. క్షమించిందో లేదో తెలియదు. చింతకాయలు మాత్రం తేలేదు. తల దువ్వమని కూర్చుంది. దువ్వాను.

3 ఏప్రిల్

రేవులో ఆడవాళ్లంతా ఉన్నారు. నా ఒళ్లో బియ్యం, పసుపుకొమ్ములు, కొబ్బరికాయ, రవికెగుడ్డ పోశారు. చిన్నపిల్లకి కట్టే నల్లపూసలు కూడా గున్నమ్మ పోసింది. వద్దని అనబోయాను. అనలేదు. దేముడమ్మ వచ్చి నా నుదుట కుంకం పెట్టి, "మాటన్నాను. మనసులో ఎట్టుకోకు" అంది. పెట్టుకుంటానన్నాను. నవ్వింది.

జగన్నాధం ఒడ్డునే ఉండిపోయాడు. వంట నేర్చుకుంటానన్నాడు. నేర్చుకోడు.

నడి ఏట్లో పోతురాజు తెడ్డు ఎత్తి నిలబడ్డాడు. "పేరు సెప్పమ్మా."

మా అమ్మ పేరు చెప్పాను. నాలుగు రోజుల పిల్లకి అంత పొడుగు పేరు ఎందుకని ఇంట్లో ఎవరైనా అనేవారే. చెప్తుంటే నా గొంతు నాకే వినబడలేదు. వంగి మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.

రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు. "గూల్లదిబ్బ ఆడపిల్ల అలివేలుమంగ ఎల్తన్నాదో! కూతురు లచ్చీనర్సమ్మా!"

నీళ్ల మీద ఆ పేరు చాలా దూరం వెళ్లింది. నేను ఏడ్చాను. చప్పుడు చేస్తూనే ఏడ్చాను. పోతురాజు అటు తిరిగి తెడ్డు వేశాడు. పడవ ఒడ్డు తాకేసరికి వెనక డప్పు మోగింది. ఒకటి, ఆ తర్వాత చాలా.

వెనక్కి తిరిగి చూశాను.

4 ఏప్రిల్, విజయనగరం

రైలు దిగి ఇంటికి వచ్చేసరికి పాఠం జరుగుతోంది. ఇద్దరు కుర్రాళ్లు. ఆయన నన్ను చూసి వాయించడం ఆపలేదు, వేగం తగ్గించారు. అత్తగారు కాళ్లకి నీళ్లిచ్చింది. మామూలుగా అయితే లోపలికి వెళ్లి కాఫీ పెట్టుకునేదాన్ని. చావడిలో ఆయన ఎదురుగా కూర్చున్నాను, ఒళ్లో మూటతోనే.

"దిబ్బ మీద ఏం చూశావు?" అన్నారు.

"మన అమ్మాయికి పేరు పెట్టి వచ్చాను."

కమాను ఆగిపోయింది. కుర్రాళ్లు కూడా ఆగారు. వాళ్లని ఇళ్లకి పొమ్మన్నారు. వాళ్లు వెళ్లాక కూడా వయొలిన్ భుజానికి ఆనించే ఉంచారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే పిల్ల ఏడ్చినట్టు వినబడేదట ఆయనకి, అందుకే పదకొండో రోజునే పాఠాలు పెట్టుకున్నారట. ఈ మాట ఇప్పుడు చెప్పారు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, జనవరి నుంచి.

"ఏం పేరు?" అన్నారు.

చెప్పాను. గట్టిగానే చెప్పాను. వంటింట్లో అత్తగారికి కూడా వినబడింది.